కాళ్లు వంగింది నీళ్లకు కాదు

మా పాప నడక మొదలుపెట్టేసరికి కాళ్లు విల్లులా వంగాయి. మా అత్తగారిది నల్లగొండ దగ్గర ఫ్లోరైడు నీళ్లతో నడుములు ఒంగిపోయిన ఊరు. పాపను చూడటానికి టౌనులో మా కిరాయి గదికి వచ్చిన ఆమె గుమ్మంలోనే కూలబడింది.

"నీళ్ల రోగమే బిడ్డా. దీనికి మందు లేదు."

"ఇప్పుడు నల్లాల కృష్ణా నది నీళ్లే వస్తున్నయి కద అత్తమ్మా" అన్నాను. ఆమె నమ్మలేదు. నిజానికి నాకూ ధైర్యం లేదు.

మర్నాడు పొద్దున అన్నం తినిపిస్తుంటే పాప వేళ్లు బిగుసుకుని లోపలికి ముడుచుకున్నాయి. కళ్లు తేలేసింది. పెదాలు నీలమయ్యాయి. మా ఆయన పాపను ఎత్తుకుని ఆటో ఎక్కాడు, వెనకే నేనూ అత్తమ్మా. దవాఖాన చేరేదాకా నేను ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూస్తూనే ఉన్నాను.

రక్తంలో కాల్షియం బాగా పడిపోయిందన్నారు. పిల్లల డాక్టరమ్మ నరంలోకి మందు ఎక్కిస్తూ, పాప గుండె మీద స్టెతస్కోపు ఆనించి వింటోంది. "జల్ది ఎక్కిస్తే గుండె ఆగుతది. జర సప్పుడు చెయ్యకుండ్రి."

అత్తమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. చాలాసేపటికి పాప వేళ్లు విడివడ్డాయి. ఏడ్చింది.

మిగతా రిపోర్టులు వచ్చాక అడిగాను. "నీళ్ల రోగమేనా మేడం?"

"కాదమ్మా, రికెట్స్. ఒంట్ల డి విటమిన్ లేదు. అది లేకుంటే తిన్న కాల్షియం ఒంటికి పట్టది. అప్పుడు మెడల ఉండే చిన్న గ్రంథులు ఒక హార్మోను వదుల్తయి. అది ఎముకల కాల్షియం తీసి రక్తంల పోస్తది. నీ బిడ్డకు గా హార్మోను మస్తు పెరిగింది. ఇన్ని దినాలు కాళ్లను అరగదీసి గుండెను కాపాడింది. ఇగ దానితోని గూడ కాలేదు."

"పాలు ఇస్తనే ఉన్న కద?"

"గా విటమిన్ ఎండతోని వస్తది. బిడ్డకు ఎండ తగుల్తదా?"

మా గదికి ఉన్న ఒక్క కిటికీ పక్కింటి గోడకు ఎదురుగా ఉండేది. డాక్టరమ్మ నా రక్తం కూడా పరీక్ష చేయించింది. నాలోనూ ఆ విటమిన్ లేదు.

"నయమైతదా?"

"అయితది. కానీ మందు పడంగనే ఎముకలు కాల్షియం గుంజుకుంటయి. రక్తంల మళ్ల తగ్గొచ్చు. కాల్షియం సిరప్ తప్పొద్దు."

ఆ మాటతో ఇంటికొచ్చాక కూడా భయం వదల్లేదు. పాప పిడికిలి మూస్తే చాలు, తెరిచి చూసేదాన్ని. ఒకసారి బిస్కెట్టు దాచుకుందని తెలియక వేళ్లు గుంజితే నన్ను గట్టిగా కొట్టింది.

కొన్ని నెలలకు హార్మోను మామూలు స్థాయికి దిగింది. ఇప్పుడు పాప బడికి పోతోంది. మోకాళ్ల మధ్య ఇంకా కొంచెం సందుంది. ఎదిగేకొద్దీ అదీ పోతుందని డాక్టరమ్మ చెప్పింది.