ఆయుష్షుకి బేరం

ఆ పేటలో అందరూ ఆవిడని ఆయుష్షక్క అంటారు. చేసే పని అలాంటిది మరి! ఏ జబ్బుకి ఏ కొత్త వైద్యం ఉచితంగా ఇవ్వాలో తేల్చే సర్కారు కమిటీ కోసం ఇల్లిల్లూ తిరిగి ఒక ప్రశ్న అడుగుతుంది. "కిడ్నీలు పాడై, రక్తం శుభ్రం చేసే ఆసుపత్రి మిషను చుట్టూ తిరుగుతూ పదేళ్ళు బతుకుతారా, ఏ జబ్బూ లేకుండా ఐదేళ్ళే బతుకుతారా?" ఆరోగ్యం కోసం జనం ఎన్నేళ్ళు వదులుకుంటామంటే జబ్బు అంత బరువని లెక్క. బరువు తేలితేనే మిషనుతో పని లేకుండా ఇంటిపట్టున మందునీళ్ళ సంచులతో చేసుకునే కొత్త వైద్యానికి కమిటీ సరేనంటుంది.

ఆ సంచుల కోసమే ఆవిడ సొంత అక్క మొగుడు, బావగారు, ఎదురుచూస్తున్నాడు. బడిపంతులు. మిషను దగ్గరికి తిరిగి తిరిగి ఉద్యోగం ఊడేలా ఉంది.

ఏ గుమ్మం ఎక్కినా ఒకటే జవాబు. "పొద్దున్నే ఇదేం మాటమ్మా! ఒక్కరోజు కూడా ఇవ్వను." అసలు అడగడానికే ఆవిడకి నోరు రాదు. ఇంకా రెట్టించడమా! సున్నా చుట్టి బయటపడేది.

రొట్టెల దుకాణం ముసలమ్మ కూడా అదే మాట అంది. ఈవిడ లేచింది.

"అదేమిటే, అప్పుడే లేస్తున్నావు?"

"ఇవ్వనన్నారుగా పిన్నిగారూ."

"మొదటి మాటకే దిగిపోతే అది బేరమెలా అవుతుందే పిచ్చిమొద్దూ? ఐదంటే ఇవ్వను. ఏడను, ఎనిమిదను."

"పోనీ, జబ్బు లేకుండా ఎనిమిదేళ్ళు?"

"నా పొయ్యి దగ్గర నేను నిలబడేటట్టయితే... సరే, పదిలో రెండేళ్ళు పట్టుకుపో."

ఆవిడకి అప్పుడు గుర్తొచ్చింది. ఒక్కో ఏడూ పెంచుతూ అడగమని శిక్షణలో చెప్పారు. మొహమాటానికి పోయి ఎక్కడా అడగలేదు. ఈ సున్నాలు చూస్తే కమిటీ అది జబ్బే కాదనుకుంటుంది. తన తప్పు పైవాళ్ళకి చెబితే ఇళ్ళన్నీ మళ్ళీ తిరగాలి, నిర్ణయం వెనక్కి పోతుంది.

"ముసలమ్మ చెప్పిందే అందరికీ రాసిపారెయ్యవే!" అంది ఇంట్లో సంగతి విన్న వాళ్ళ అక్క. "మీ బావ కొలువు పోతే నువ్వు పెడతావా మాకు?"

"ఒకరి ఆయుష్షు ఇంకొకరి పద్దులో ఎలా వెయ్యనే?"

అక్క మూతి ముడుచుకుంది. మంచం మీంచి బావగారు అన్నాడు: "మళ్ళీ అడుగమ్మా. దొంగ లెక్కతో వచ్చిన సంచి ఎప్పుడు లాక్కుంటారోనని దినదినగండంగా బతకలేను."

ఆవిడ వెళ్ళి తప్పు ఒప్పుకుంది. పై అధికారి చెడామడా తిట్టి, సమావేశం వానాకాలం తర్వాతకి జరిపించాడు. ఈలోగా బడివాళ్ళు ఇంకో పంతుల్ని పెట్టుకున్నారు. అక్క మాట్లాడటం మానేసింది.

ఆవిడ వడ్రంగి ఇంటి తలుపు తట్టింది.

"మళ్ళీ దాపురించావూ! ఇవ్వనని చెప్పలా?"

"చెప్పారు బాబాయిగారూ. ఐదు వద్దన్నారు. ఆరైతే?"

ఆయన తలుపు వెయ్యబోయాడు. ఆవిడ అరుగు మీద కూర్చుని, "పోనీ ఏడు?" అంది.