మెత్తకుండా వదిలిన అతుకు

మీరెవరో నాకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను. నేనాడిన ఒక చిన్న అబద్ధం ఇన్నేళ్లూ నా గుండెల మీద బండలా ఉండిపోయింది. చిన్నదేనా? ఏమో.

దేవరకొండ దగ్గర మాది నేత ఇల్లు. ఊరికి ఇంకా కరెంటు రాని రోజులు. ఒక గదిలో నా పెనిమిటి మగ్గం, గోడకు అవతల మా మరిది మగ్గం. వడగాలికి పడుగు ఎండి పోగులు తెగుతాయని మా మామ బతికున్నప్పుడు ఒక ఉపాయం చేశాడు. బావి దగ్గర గాలి లోపలికి పోయేలా ఒక మూతి పెట్టి, దానికి తడి గోనెపట్టా కట్టి, అక్కణ్ణుంచి మట్టి గొట్టాలు వరసగా అతికించాడు. దూలాల కింద నుంచి చల్లగాలి ముందు మా గదికి, తర్వాత మరిది గదికి వచ్చేది. ఏటా ఎండలు ముదరక ముందే ఆ అతుకులకు ఊక కలిపిన బంకమట్టి మెత్తడం పెద్దకోడలిగా నా పని.

ఆ ఏడు నేను నిండు నెలలతో ఉన్నాను. అన్నీ మెత్తాను, నా మంచం పైనున్న అతుకు తప్ప. అవతలి గదికి పోవలసిన గాలి తడిమట్టి వాసనతో అందులోంచి సన్నగా నా మొహం మీదికి దిగేది. కళ్లు మూస్తే నీళ్లలో తేలుతున్నట్టుండేది. మగ్గం చప్పుడు ఎక్కడో దూరంగా, వేరే ఊళ్లో వినిపిస్తున్నట్టుండేది. నిద్రో మెలకువో తెలియని ఆ మధ్యాహ్నాల్లో రేపు మూద్దాం, రేపు మూద్దాం అనుకుంటూ గడిపేశాను. ఆ సుఖాన్ని ఇప్పటికీ తప్పనలేను. తప్పు తర్వాత జరిగింది.

ఒకనాడు మరిది గడప దగ్గర నిలబడి అడిగాడు.

"వదినె, అతుకులన్నీ మెత్తినవా? మా అర్రల గాలి సల్లగ లేదు. పోగులు ఊకె తెగుతున్నయి."

"మెత్తిన. నీ చేతులే జర గట్టిగ గుంజుతున్నయేమో చూసుకో."

"గంతేనేమో," అన్నాడు.

నమ్మాడు. మా మగ్గం మీద పోగు తెగడం లేదు మరి, ఎందుకు నమ్మడు? గట్టిగా గుంజడానికి భయపడుతూ మెల్లగా నేశాడు. బట్ట వదులై, కొనేవాళ్లు తిప్పి పంపారు. గుమ్మంలో కూర్చుని తన వేళ్లను తనే తిప్పి తిప్పి చూసుకునేవాడు. అది చూస్తూ కూడా నేను ఆ అతుకు కిందే పడుకున్నాను. వానలు పడకముందే పెళ్లాన్ని తీసుకుని షోలాపూర్ మిల్లులో మూటలు మోయడానికి వెళ్లిపోయాడు.

అతను బస్సెక్కిన మర్నాడే ఆ అతుకు మూశాను. పాపం తెలియక చేసినదాన్నైతే అంత తొందరెందుకు?

తర్వాత ఎప్పుడొచ్చినా అతను మగ్గం ముట్టలేదు. అన్నం పెట్టాను, వేడినీళ్లు తోడాను, ఆ ఒక్క మాట మాత్రం చెప్పలేదు. తన చేతులు చెడ్డవనుకుంటూనే షోలాపూర్‌లోనే పోయాడు.

క్షమించమని మిమ్మల్ని అడగను. మీరు అతను కారు. ఎవరో ఒకరి ముందు పైకి అంటే చాలు, అదే నాకు ఊరట.

మా మరిది చేతుల్లో ఏ లోపమూ లేదు.