తూకంలో చెల్లని బేరం

కదిరిలో అంగళ్ల మధ్య పెరిగినవాణ్ణి. ఎవరు ఏ ధర చెప్పినా సగానికి అడగకపోతే నాకు ఆ పూట అన్నం సయించదు. ఈ నోరు చెల్లని చోటు ఒక్కటే చూశాను, బెంగళూరులోని మిలిటరీ ఆస్పత్రి.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో అమ్మకు గర్భసంచి ఆపరేషన్ పడింది. నాయన పోయాక అమ్మ బాగోగులన్నీ మిలిటరీలో ఉన్న అన్నవే. అందుకే ఆమెకు అక్కడ వైద్యం హక్కు. అన్న సరిహద్దులో ఉన్నాడు కాబట్టి వెంట నేను పోయాను.

తెల్లవాళ్ల కాలంలో కట్టిన పెంకుల వార్డులు. ఒకప్పుడు యుద్ధంలో దెబ్బతిన్నవాళ్లను వరసగా పడుకోబెట్టారన్న వరండాల్లో, ఇప్పుడు మూటలతో, మురుకుల డబ్బాలతో సిపాయిల తల్లులు. అమ్మ మంచం తలాపున చీటీలో ఆమె పేరు పక్కనే అన్న మిలిటరీ నంబరు, హోదా రాశారు. చదువు రాకపోయినా అమ్మ వచ్చినవాళ్లందరికీ దాన్ని వేలుపెట్టి చూపించేది.

ఒంట్లో రక్తం తక్కువగా ఉందని, రెండు సీసాలు దొరికితేనే ఆపరేషన్ అని డాక్టరమ్మ చెప్పింది. నాదీ అమ్మ గ్రూపే. చొక్కా చెయ్యి మడుచుకుని పోయాను. రక్తం తీసే హవల్దారుది తాడిపత్రి. నన్ను తూకం ఎక్కించాడు. మా అంగట్లో ఎన్ని పప్పులు నమిలినా ఒంటికి పట్టని ఘటం నాది.

"రగతమియ్యల్లంటే నలభై అయిదు కేజీలుండల్ల. ఒక కేజీ తక్కువుండావన్నా. కుదరదు."

"ఒక్క కేజీనే గదప్పా! సర్దుకో. మా అంగట్లో నేను సర్దుకోనా?"

"ఆ మాట మీ గిరాకీలు చెప్పల్ల."

కుళాయి దగ్గర కడుపునిండా నీళ్లు తాగొచ్చి మళ్లీ ఎక్కాను.

"నీళ్లు తాగితే రగతం పెరుగుతాదా? పాలల్లో కలిపేదనుకున్నావా?" అని నవ్వాడు.

"నవ్వద్దప్పా. ఆడ మా యమ్మ..." తూకం దిగకుండా అట్లే నిలబడ్డాను.

అతను నవ్వు ఆపి ఫోన్ ఎత్తాడు. ఆ గ్రూపువాళ్లు ఇద్దరు కావాలంటే లారీ నిండా సిపాయి కుర్రాళ్లు దిగారు. పంజాబు వాళ్లు, తమిళనాడు వాళ్లు. అమ్మ ముఖం చూసినవాడు ఒక్కడూ లేడు. ఇద్దరిని తీసుకుంటే మిగిలినవాళ్లు మూతి ముడుచుకున్నారు.

"వీళ్లకేమిచ్చుకోవల్లప్పా?" అన్నాను.

"ఇచ్చేదేముండాదన్నా? మీ యన్న గూడ యాడనో ఎవురమ్మకో ఇట్లే ఇచ్చింటాడు."

ఆ ధరకు ఎదురు బేరం తోచలేదు. దారిలో తిందామని తెచ్చుకున్న శెనక్కాయ ఉండలు అందరికీ పంచిపెట్టాను.

ఆపరేషన్ అయి, కదిరికొచ్చి ఒళ్లు కూడదీసుకున్నాక అమ్మ మళ్లీ అంగట్లో కూచుంది. మొదటి రోజే ఎదురింటామె కందిపప్పు బేరం పెట్టింది.

"ఒక రూపాయి తగ్గియ్యక్కా."

"నా ఒంట్లో మిలిట్రీ రగతం పారతాంది మే. ఇంగ బేరాలు నాతో జరగవు."

ఎదురింటామె నవ్వుతూ అమ్మ అడిగినంతా ఇచ్చింది. తక్కెడ పట్టింది నేను. ముల్లు సరిగ్గా నిలిచాక, పైన ఇంకో గుప్పెడు ఊరికే పోశాను.