పొట్టు ఎగిరేంత ఊపిరి

ఉబ్బసం ఉన్నవాడు ఇన్‌హేలర్‌ను జేబులోనే ఉంచుకోవాలి. నేను సంచిలో పెట్టాను. కోవిల్‌పట్టిలో విరుదునగర్ బస్సెక్కుతూ ఆ సంచిని డ్రైవరు పక్కన పడేసి, వెళ్లి వెనక సీట్లో కూర్చున్నాను. ఊరు దాటగానే ఆయాసం మొదలైంది. లేచి వెళ్దామంటే మధ్యలో కిక్కిరిసిన జనం. నాకు తమిళం రాదు. "అమ్మా, నల్ల సంచి... మందు" అని గొణిగాను.

పక్కనున్న పెద్దావిడ అంతవరకూ అందరితో తమిళమే మాట్లాడుతోంది. "తెలుగువాళ్లా నాయినా?" అని, ముందువైపుకి తమిళంలో కేకేసింది. నా సంచి జనం చేతుల మీదుగా కదిలింది. నేను దానివైపే చూస్తూ ఎగపోస్తున్నాను.

ఆమె వేరుశనగ మిఠాయి చేసేచోట పప్పు శుభ్రం చేస్తుందట. కొంగుముడి విప్పి, వేయించిన పప్పు గుప్పెడు నలిపి నా అరచేతిలో పోసింది.

"మూచ్చు పీల్చేదానికి తొందరపడాకు. లోన ఉండే గాలి ముందర పోనీ. ముక్కుతో రవంత తీసుకో, పెదాలు గుండ్రంగా పెట్టి మెల్లిగా ఊదు. పొట్టు పోవాల, పప్పు కింద పడకూడదు."

నాకు ఒళ్లు మండింది. ప్రాణం పోతుంటే పల్లీలేమిటి? అయినా ఊదాను. గట్టిగా ఊదేసరికి రెండు పప్పులు ముందు సీటు కింద పడ్డాయి. "పప్పు పోయె," అంది ఆమె. ఈసారి మెల్లిగా ఊదాను, తర్వాత ఇంకా మెల్లిగా. ఏడెనిమిది సార్లయ్యాక బిగుసుకున్న భుజాలు కిందికి దిగాయి.

సంచి చేతికొచ్చింది. మందు పీల్చుకుని, బతికించావమ్మా అన్నట్టు ఆమెకేసి చూశాను. ఆమె చూపు నా అరచేతి మీదే ఉంది.

"ఇంకా పొట్టు ఉండాది. ఊదు."