మా యాదయ్య ఒక్క ప్రాణం ఆట

మా తమ్ముడు యాదయ్య కాలేజీ జట్టులో చెడుగుడు ఆడాడంటే ఇప్పటి పిల్లలు నవ్వుతారు. నవ్వనీ. నాలుగడుగులు పరుగెత్తితే వాళ్ళకు ఆయాసం తీర్చుకోవడానికి కుర్చీ కావాలి. వాడు నేరేడుచర్ల బీళ్ళలో గొర్రెల వెంట తిరిగిన కాళ్ళతోనే హైదరాబాదు కాలేజీకి వెళ్ళాడు. మా గొల్ల ఇళ్ళలో అంత చదువు చదివినవాడు వాడొక్కడే.

పోలీసు యాక్షన్ అయిన మరుసటి ఏడు అది. కాలేజీ జట్టు నాయకుడు దేవసహాయం, కోదాడ పంతులుగారి కొడుకు. మంచివాడే. నోరు కొంచెం పెద్దది, నాదంత కాదులెండి. దసరా సెలవుల్లో సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడలలో మూడు ఆటలు కుదిర్చాడు. ఈ మూడింట్లో బాగా ఆడినవాళ్ళకే సెలవుల తర్వాత పట్నంలో జరిగే కాలేజీల పందేలలో చోటు. యాదయ్యకు ఆ చోటు కావాలి. హాస్టల్లో వాణ్ణి పేరు పెట్టి పిలిచినవాడు లేడు. అందరికీ వాడు 'గొర్రె'. పందేలు ఆడితే ఆ పిలుపు పోతుందని వాడి ఆశ.

సూర్యాపేట మా అత్తగారి ఊరు. మొదటి ఆట నేను దగ్గరుండి చూశాను. కూతకు వచ్చిన ముగ్గుర్ని వాడు పడగొట్టాడు. అందరూ నడుమో చెయ్యో పడతారు. వాడు మాత్రం ఉన్ని కత్తిరించడానికి గొర్రెను పట్టినట్టు వెనక కాలు మడమపైన పట్టి లేపేవాడు. తర్వాత ఎవడో వీణ్ణి తాకాడు. వీడు బయటికి వచ్చి, బావి దగ్గర కాళ్ళు కడుక్కుని, చొక్కా తొడుక్కుని నా దగ్గరికొచ్చాడు.

"పా అక్కా, ఇంటికి పోదాం. ఆకలైతుంది."

"ఆట ఇంక నడుస్తనే ఉన్నది గదరా?"

"నేను సచ్చిన గదా."

నిజమే కదా అనుకున్నాను. మా ఊరి ఆటలో ఒకసారి చచ్చినవాడికి ఇక ఆ రోజు పని లేదు. ఇంటికి తీసుకెళ్ళి జొన్నరొట్టె పెట్టాను. రెండో రొట్టె తింటుండగా దేవసహాయం చెమటలు కక్కుతూ గుమ్మంలోకి వచ్చాడు.

"యాదయ్యా! నీకు రెండుసార్లు ప్రాణమొస్తే నువ్విక్కడ రొట్టె తింటున్నావా! మనవాళ్ళు అవతలివాణ్ణి కొడితే మనలో చచ్చినవాడు లేచి రావాలి. నీకోసం ఊరంతా వెతికాం. ఒక్కడు తక్కువై ఓడిపోయాం!"

"సచ్చినోడు లేసొచ్చుడేంది నాయినా?" అన్నాను. "మా ఊళ్ళె సచ్చినోడు సచ్చినట్టే. అందరు గిట్ల లేసొస్తే, దినాలు పెట్టినోళ్ళ గతేంగావాలె?"

"అక్కయ్యా, మీ రొట్టె మా కొంప ముంచింది."

"రొట్టెను అనకు. కూసో, నువ్వు గూడ తిను."

కూర్చుని మూడు తిన్నాడు. తింటూనే తిట్టాడు. తిన్నాక, కోదాడలో యాదయ్య గట్టు మీదే కూర్చోవాలని తీర్పు చెప్పి పోయాడు. కోదాడలో వీడు లేకుండానే గెలిచారు. అది వాణ్ణి ఇంకా కాల్చింది.

అక్కడ ఒకడికి కాలు బెణకడంతో మిర్యాలగూడ ఆటకు యాదయ్యను తీసుకోక తప్పలేదు. నేను బండి కట్టించుకుని మా అమ్మను వెంటబెట్టుకుని పోయాను. ఎదుటి జట్టు అంగట్లో బస్తాలు మోసే హమాలీలు. ఆట నడిపే పెద్దమనిషి లచ్చయ్య గీత గీసి నిలబడ్డాడు.

"బిడ్డా, గీడ మా ఆట. సచ్చినోడు లేవడు. ఇష్టముంటె ఆడుర్రి, లేకుంటె బస్సెక్కుర్రి."

దేవసహాయం వాదించాడు. జనం నవ్వారు. చివరికి ఒప్పుకోక ఏం చేస్తాడు?

మూడేసి ప్రాణాలతో ఆడే అలవాటున్న పిల్లలు కదా, మిడతల్లా మీదికి దూకారు, మిడతల్లాగే పోయారు. దేవసహాయం పెద్దగా కూత పెడుతూ వెళ్ళి నాలుగోవాడిగా బయటికొచ్చాడు. కాసేపటికి ఇటు యాదయ్య ఒక్కడే మిగిలాడు. అటు ముగ్గురు.

వాడు తొందరపడలేదు. గొంతు పెంచకుండా కూత పెడుతూ వెళ్ళాడు, ఎవర్నీ తాకకుండా తిరిగొచ్చాడు. రెండోసారీ అంతే.

"తాకవేందిరా, పిరికి గొల్లోడా!" అని ఎవడో అరిచాడు.

బండి మీద నిలబడి నేను ఊరుకుంటానా? "ఆగు జర! తాకినంక నువ్వే ఏడుస్తవ్!"

ఆ మాటకు రోషమొచ్చి వాళ్ళలో ఎత్తరి కూత పెడుతూ మీదికొచ్చాడు. యాదయ్య వెనక కాలు దొరకబుచ్చుకున్నాడు. బస్తా మోసే మనిషి బస్తాలా పడ్డాడు. రెండోవాడూ అంతే. మూడోవాడు గీత దాటి రావడానికే జంకి, రెండడుగులు వేసి వెనక్కి పారిపోయాడు. అప్పుడు యాదయ్య వెళ్ళి, వాణ్ణి మూలకు తోలి, బొటనవేలు తాకించి, నడుచుకుంటూ తిరిగొచ్చాడు. పరుగెత్తాల్సిన పనే లేకపోయింది.

చచ్చి గీత బయట కూర్చున్నవాళ్ళు లేచి వచ్చి వాణ్ణి భుజాల మీదికెత్తుకున్నారు. దేవసహాయం మాత్రం ఎత్తుకోకుండా ఎదురుగా నిలబడి, "పట్నంలో ఆడతావు. కానీ అవుటైతే గీత పక్కనే కూర్చోవాలి, ఒట్టెయ్," అన్నాడు. ఒట్టు వేయించుకున్నాకే దించనిచ్చాడు.

సెలవులు అయిపోయిన పది రోజులకు నాకు వాడి కార్డు వచ్చింది. ఇంట్లో ఎవరికీ ఇవ్వకుండా అక్షరం అక్షరం కూడబలుక్కుని నేనే చదివాను. జట్టు పేర్లు కాలేజీ గోడకు అంటించారట. రెండో పేరు వాడిదట. ఇంటిపేరుతో సహా పూర్తిగా రాశారట. చదివినవాళ్ళు ఇదెవరని అడిగితే, దేవసహాయం వేలు పెట్టి వాణ్ణే చూపించాడట.