పడదు అనే ఊరు

ఆ ఆస్పత్రిలో నాకు కుర్చీ ఇవ్వడానికి కూడా ఎవరికీ మనసొప్పలేదు. గుర్గావ్‌లో పెద్ద ప్రైవేటు ఆస్పత్రి అది. నోయిడాలో నేను పనిచేసే చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ నన్ను అక్కడికి పంపింది. పొద్దున్నే రెండు మెట్రోలు మారి వెళితే, సర్వర్ గది బయట, ఏసీ నీళ్లు కారే మూలలో ఒక స్టూలు చూపించారు. "ఇక్కడైతే నువ్వు ఎవరికీ అడ్డం రావు" అన్నాడు ఐటీ హెడ్ హిందీలో. అతనిది రోహ్‌తక్ వైపు. ఎదుటి మనిషితో మాట్లాడుతూ ఫోన్లోంచి తలెత్తేవాడు కాదు.

వాళ్ల పాత కంప్యూటర్ సిస్టమ్ తీసేసి కొత్తది పెడుతున్నారు. పాతదాన్ని తయారుచేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. అందులోంచి బయటికి లాగగలిగింది టెక్స్ట్ ఫైళ్లు మాత్రమే. పేషెంటు పేరు, వయసు, భర్త పేరు, చిరునామా, ఫోను అన్నీ ఒకదాన్నొకటి తోసుకుంటూ ఒకే వరసలో ఉండేవి. ఒకచోట కామా ఉంటే ఇంకోచోట గీత, మరోచోట ఏమీ ఉండదు. వయసు ఉండాల్సిన చోట ఫోన్ నంబరు. ఆ వరసల్ని ముక్కలుగా కోసి, ఏ ముక్క ఎక్కడిదో పోల్చుకుని, కొత్త డేటాబేస్‌లో దాని కాలమ్‌లో పెట్టే ప్రోగ్రాం రాయడం నా పని.

ఐటీ హెడ్‌కి నేనంటే ఎందుకు గిట్టదో రెండో రోజే తెలిసింది. ఈ పని తన మనుషులే చేస్తారని అతను పైవాళ్లకి చెప్పుకున్నాడు. పైవాళ్లు నమ్మలేదు, బయటి కంపెనీని పిలిచారు. అప్పట్నుంచి ఏది అడిగినా "చూద్దాం" అనేవాడు, చూసేవాడు కాదు.

నర్సింగ్ సూపరింటెండెంటు తెలుగావిడ అని విన్నప్పుడు నాకు ప్రాణం లేచొచ్చింది. యాభై దాటిన మనిషి, భీమవరం దగ్గర పల్లెటూరు, మెడలో సన్నటి గొలుసుకి చిన్న శిలువ. నేను నవ్వుతూ వెళ్లి, "ఆంటీ, మాది తెనాలి" అన్నాను.

ఆవిడ చేతిలో కాగితాలు పక్కన పెట్టి నన్ను చూసింది.

"ఆంటీ ఏంటండీ? ఇది ఇల్లా? మేడమ్ అనండి" అంది. తర్వాత హిందీలోకి మారిపోయింది. "క్యా కామ్ హై, బోలియే."

ఆ రోజంతా నాకు చెవులు కాలుతూనే ఉన్నాయి.

నా ప్రోగ్రాం చిరునామాలో పిన్‌కోడ్‌ని వెతికి, దాని ముందున్న మాటని ఊరి పేరుగా తీసుకునేది. చాలావరకు బాగానే పనిచేసింది. పేషెంట్లు ఏయే ఊళ్ల నుంచి వస్తున్నారో ఒక పట్టీ తీసి ఐటీ హెడ్‌కి చూపించాను. గుర్గావ్, మానేసర్, రేవాడీ, ఝజ్జర్. వాటి మధ్యలో ఒక పేరు దగ్గర అతని వేలు ఆగింది.

"యే పడడూ కహాఁ హై, భయ్యా? ఇంతమంది వస్తున్నారు అక్కణ్నుంచి!" గట్టిగా నవ్వి, పక్క సీట్లవాళ్లని కూడా పిలిచాడు. "చూడండి, నోయిడా ఇంజినీర్ కొత్త ఊరు కనిపెట్టాడు."

వాళ్లు నవ్వుతుండగానే నేను ఆ వరసలు తెరిచాను. ఇంటి నంబరు, సెక్టారు, గుడి పక్కన, ఆ తర్వాత ఇంగ్లీషు అక్షరాల్లో "పెన్సిలిన్ పడదు". ఇంకొకదాంట్లో "సల్ఫా పడదు". దాని వెనకే పిన్‌కోడ్. అది ఊరు కాదు. ఆ మందు ఆ మనిషికి పడదు. చిరునామా పేరుతో నేను కోసి పారేస్తున్నవాటిలో మనుషుల్ని చంపగల మందుల పేర్లున్నాయి.

సూపరింటెండెంటు దగ్గరికి వెళ్లాను. ఈసారి మేడమ్ అనే అన్నాను. ఆవిడ చెప్పడానికి ఇష్టపడలేదు. గుచ్చి గుచ్చి అడిగితే అంది: "పాత సిస్టమ్‌లో అలర్జీ రాసే చోటు లేదు. పెట్టమని ఎన్నిసార్లు అడిగామో! చిరునామా రెండో లైను మాత్రం కేస్ షీట్ మీద పైనే పెద్దక్షరాల్లో పడుతుంది. అందుకని అందులో రాశాం. మా నర్సు పిల్లలు సగం మంది తెలుగువాళ్లు, వాళ్ల నోటికొచ్చిన మాట రాసేశారు. ఇప్పుడు మా వార్డుల్లో హర్యానా డాక్టర్లు కూడా పడదు అనే అంటారు. ఒక్క పేషెంటుకి పొరపాటు జరగలేదు."

నేను ఐటీ హెడ్‌కి ఈమెయిల్ రాశాను. చిరునామాల్లో అలర్జీ వివరాలున్నాయి, వాటిని విడదీసి నర్సులతో సరిచూపించాలి, కొంత గడువు కావాలి అని. పాత సిస్టమ్‌లో అలర్జీకి చోటు లేకపోవడం వల్లే ఇలా జరిగిందని కూడా స్పష్టంగా రాశాను.

అతను ఆ చివరి వాక్యం తీసేసి మిగతాది పైకి పంపాడు. నర్సులు ఇష్టమొచ్చిన భాషలో రికార్డులు పాడుచేశారని, ఆలస్యానికి వాళ్లే కారణమని పైన తన మాట చేర్చాడు. ఆ వారమే ఇద్దరు నర్సులకి మెమోలు వెళ్లాయి.

ఆవిడ నా స్టూలు దగ్గరికి వచ్చింది. మొదటిసారి తెలుగులో, నువ్వు అంటూ మొదలుపెట్టింది.

"తెనాలి అన్నావు కదూ? హిందీవాడు వచ్చుంటే ఆ మాట వాడికి అర్థమయ్యేది కాదు. మా పిల్లల ఉద్యోగాల మీదికి వచ్చేదీ కాదు. మనవాడివి కాబట్టే కదా చదవగలిగావు!"

"చదవకపోతే ఆ వివరాలన్నీ పోయేవి మేడమ్. నేను రాసింది ఇదీ, చూడండి."

నా ఫోన్ వైపు ఆవిడ కన్నెత్తి చూడలేదు. "నీ పేరుతో వచ్చిన కాగితం పైవాళ్ల చేతుల్లో ఉంది" అని వెళ్లిపోయింది.

తర్వాత మీటింగు జరిగింది. మెడికల్ డైరెక్టర్ ముందు ఐటీ హెడ్ తేలిగ్గా చెప్పాడు: చిరునామా రెండో లైను మొత్తం వదిలేద్దాం, కొత్త సిస్టమ్ శుభ్రంగా మొదలవుతుంది. నన్నెవరూ అడగలేదు. గోడవారగా నిలబడ్డవాణ్ని, ఎవరో వెనక నుంచి తోసినట్టు ముందుకొచ్చి మాట్లాడేశాను. ఆ లైనులో ఏముందో చెప్పి, నా అసలు ఈమెయిల్ ఫోన్లో తెరిచి డైరెక్టర్ చేతికిచ్చాను. ఐటీ హెడ్ మొహం నల్లబడింది. డైరెక్టర్ చదివి, "ఒక్క అక్షరం పోకూడదు. నర్సింగ్ వాళ్లు, ఇతనూ కలిసి కూర్చుని చూడండి" అన్నాడు. మెమోల గురించి అడిగితే, అది వేరే విషయం అన్నాడు.

అలా ఆవిడా నేనూ ఒకే టేబుల్ దగ్గర కూర్చోవాల్సి వచ్చింది. నేను తెర మీద వరస చూపించేవాణ్ని, ఆవిడ హిందీలో అవుననో కాదనో అనేది. అంతకుమించి మాట లేదు. ఆవిడ డబ్బాలోంచి గోంగూర వాసన వచ్చేది. నేను కింద క్యాంటీన్‌కి పోయి రాజ్మా తినేవాణ్ని. ఒకసారి తెర మీద "అత్తతో పడదు, లోపలికి పంపొద్దు" అని వచ్చింది. ఎవరో బాలింత గురించి రాసిన మాట. నాకు నవ్వాగలేదు.

ఆవిడ నవ్వలేదు. "ఆ పిల్ల పురుడు పోసుకున్న రోజే అత్త తన మీద చెయ్యి చేసుకుంది. ఇది ఏ కాలమ్‌లో పెడతావు?" అంది.

అలాంటివాటికి కాలమ్ లేదు. గమనికలు అని ఒకటి కొత్తగా చేర్చాను. ఆవిడ తలూపి, తర్వాతి వరస చూపించమంది.

డేటా ఎక్కించే రోజుకి నేను అక్కడ లేను. నా ప్రవర్తన బాగోలేదని ఐటీ హెడ్ మా కంపెనీకి ఫిర్యాదు రాశాడు. మా మేనేజర్ వాదించలేదు, నా చోట ఇంకొకణ్ని పంపాడు. నా ప్రోగ్రాం మాత్రం నడిచింది. అలర్జీలన్నీ ఎర్రక్షరాల్లో వాటి చోట పడ్డాయని, దాని మీద ఐటీ హెడ్‌ని అందరూ మెచ్చుకున్నారని ఆ వెళ్లినవాడే చెప్పాడు.

కొన్నాళ్లకి సరోజినీ నగర్ బజారులో ఆవిడ కనిపించింది. కాలేజీ వయసు కూతురితో స్వెట్టర్లు బేరమాడుతోంది. నమస్కారం పెట్టాను.

"కౌన్ హై, మమ్మీ?" అంది కూతురు.

"ఆస్పత్రికి కంప్యూటర్ పని మీద వచ్చాడు." నా వైపు తిరిగింది. "ఒక పిల్లకి ఇచ్చిన మెమో ఇంకా తీయలేదు. ఇంకో పిల్ల ఉద్యోగం మానేసి వెళ్లిపోయింది. తెలుసా?"

"తెలీదు మేడమ్."

"తెలుసుకోవాల్సింది."

కూతురి భుజం పట్టుకుని ఆవిడ గుంపులోకి వెళ్లిపోయింది. వెనకే వెళ్లి, మీ పిల్లల కోసం నోరు విప్పినందుకు నన్నూ గెంటేశారు, అది మీకు తెలుసా అని అరవాలనిపించింది. జనం తోసుకుంటూ పోతున్నారు. నేను దారికి అడ్డంగా నిలబడ్డానని ఎవడో తిట్టాడు. నేనూ తిట్టాను, తెలుగులో, గట్టిగా.