గోడ పక్క జాగ

మా అత్తమ్మ పోయి ఇంకా రెండు వారాలు గూడ కాలే. గురువారం పొద్దుగాల చాయ్ గిలాస చేతిల పట్టుకొని కుర్చీల కూసున్నది కూసున్నట్టే ఒరిగింది. దవాఖానకు తీస్కపోయేలోపే గుండె ఆగిందన్నరు. గల్లీ మూలకు కట్టిన ఫ్లెక్సీ మీద ‘ప్రభువునందు నిద్రించారు’ అని రాయించిండ్రు. అది చూసి నాకు ఏడుపు ఆగలే. ఏండ్ల సంది కడుపు నొప్పికి ఆమె కంటి నిండ నిద్రపోలేదని ఆ ఫ్లెక్సీ కట్టినోళ్లకు ఏం ఎరుక?

నేను దిల్‌సుఖ్‌నగర్‌ల చీరల షాపుల పనిజేస్త. పొద్దంత నిలబడే పని. నెలకోసారి ఆ దినాలొస్తే పేగుల్ని పట్టి ఎవరో మెలేస్తున్నట్టు ఉండేది. ‘మల్ల వచ్చిందా నీ కడుపునొప్పి’ అని సూపర్‌వైజర్ నవ్వేటోడు. పెండ్లయితే తగ్గుతదని మా అమ్మ అన్నది. పెండ్లయింది. తగ్గుడు కాదు, మా ఆయన దగ్గరికొస్తే గూడ నొప్పికి పండ్లు బిగవట్టుకునేదాన్ని. ఇగ అందరు ‘పిల్లలైతే తగ్గుతది’ అనుడు మొదలువెట్టిండ్రు. పిల్లలేమో అయితలేరు. అనేటోళ్లకు ఏం పోతది చెప్పుండ్రి!

నన్ను నమ్మిన మొదటి మనిషి మా అత్తమ్మ. ఒకనాడు బాత్రూంల కిందవడి ముడుచుకొని ఉంటే చూసింది. గోలీ ఏసుకో అనలే, కషాయం తాగు అనలే. “లే బిడ్డా, చీర మార్చుకో. ఇయ్యాల షాపు లేదు, వంట లేదు. పెద్ద దవాఖానకు పోదాం” అన్నది.

అక్కడ డాక్టరమ్మ నొప్పి పదిలో ఎంతుంటదని అడిగింది. నేను మొహమాటానికి “ఆరు మేడం” అన్న. అత్తమ్మకు కోపమొచ్చింది. “ఆరేందే, చీరకు బేరమాడుతున్నవా? పదే రాయిండ్రి మేడం. ఈమె నోట్ల కొంగు కుక్కుకొని ఏడుస్తది, గోడకవతల నేను ఇంటనే ఉంట” అన్నది. నా ఏడుపు ఆమెకు ఇనిపిస్తదని నాకు అప్పుడే తెల్సింది.

గర్భసంచి లోపల ఉండాల్సిన పొర అసొంటిది బయట, అండాశయాల మీద, పేగుల మీద పెరిగిందని డాక్టరమ్మ బొమ్మ గీసి చెప్పింది. ఎండోమెట్రియోసిస్ అట దాని పేరు. పొట్టకు చిన్న చిన్న రంధ్రాలు పెట్టి దాన్ని తీస్తం, గర్భసంచిని ముట్టుకోం అన్నది. మల్ల రాదని మాత్రం మాటియ్యలేను అన్నది.

మా చర్చి ఎల్‌బీనగర్‌ల ఒక ఇంటి మీది అంతస్తుల ఉంటది. ఆడోళ్లు ఒక దిక్కు, మొగోళ్లు ఒక దిక్కు చాపల మీద కూసుంటరు. ప్రార్థన అవసరాలు చెప్పేటప్పుడు ఆడోళ్ల జబ్బులన్నిటికి ఒకటే మాట, ‘ఒంట్ల బాగలేదు, ప్రార్థించుండ్రి’. ఆపరేషన్‌కు ముందటి ఆదివారం అత్తమ్మ తనెప్పుడు కూసునే గోడ పక్క జాగ నుంచి లేసింది. కొంగు తలమీదికి గుంజుకొని, “నా కోడలికి నెలసరి నొప్పి. చిన్న నొప్పి గాదు, ఆపరేషన్ ఉన్నది. నొప్పి పేరు చెప్పే ప్రార్థించుండ్రి. దేవునికి తెల్వకుండ ఆడిదాని ఒంట్ల ఏముంటది?” అన్నది.

మొగోళ్ల తలకాయలన్ని కిందికి వంగినయ్. పాస్టరయ్యకు దగ్గొచ్చింది. నేనైతే చాప కిందికి దూరిపోదామనుకున్న. కాని మెట్ల కాడ ఒకామె అత్తమ్మ చెయ్యి పట్టుకొని “మా పిల్లకు గూడ గిట్లనే అక్కా” అన్నది. అప్పటి సంది అత్తమ్మ కొత్త పద్ధతి పెట్టింది. “నొప్పున్నోళ్లు సిగ్గువడకుండ గోడకొచ్చి ఆనుకోండ్రి” అనుకుంట జరిగి జాగ ఇచ్చేది.

ఆపరేషన్ అయ్యి ఇంటికొచ్చినంక అబ్దుల్లాపూర్‌మెట్ అవతలి మా ఊరి నుంచి చుట్టాలు బత్తాయిలు పట్టుకొని దిగిండ్రు. మా ఊరి దిక్కు ఆడోళ్లకు ఆపరేషన్ అంటే గర్భసంచి తీసుడే, ఇంకోటి తెల్వదు. “ఇంత చిన్న వయసుల తీయిస్తివా, ఇగ పిల్లలెట్ల” అని గుమ్మంలనే శోకాలు మొదలువెట్టిండ్రు. అత్తమ్మ వంటింట్ల నుంచి గంటె పట్టుకొనే వచ్చింది.

“ఆపుండ్రి మీ ఏడ్పు! బిడ్డ సంచి బిడ్డ కాడనే ఉన్నది. ఆమెకు నొప్పిని తీసిండ్రు. నాకు ముప్పై నిండకముందే సంచి తీసిండ్రు, నొప్పిని ఇడిసిపెట్టిండ్రు.”

మా ఆయన గూడ ఆ మాట ఇనుడు అదే మొదలు. ఇన్నేండ్లు నడుం నొప్పి, గ్యాసు అని చెప్పుకుంట తిరిగింది మా అత్తమ్మ.

నా సంగతంటరా, నొప్పి మొత్తం పోలే. గోలీలు మింగుతున్న, చెకప్‌లకు పోతున్న, పిల్లలైతరో లేదో తెల్వదు. కాని నెలంత నిలబడి చీరలు పరుస్తున్న. షాపు నుంచి మెట్రోల ఇంటికొచ్చినంక గూడ ఒంట్ల సత్తువ మిగులుతున్నది. రాత్రయితుందంటే గుబులు లేదు. నా ఒళ్లు నాకు వాపసు వచ్చినట్టున్నది.

“నువ్వు గూడ చూపిచ్చుకో అత్తమ్మా” అని ఎంత పోరువెట్టిన్నో. “సంచే లేనిదానికి ఏం చూస్తరే” అని నవ్వేది. సంచి లేనోళ్లకు గూడ నొప్పి మిగిలిపోవచ్చు, తీస్కరా అని డాక్టరమ్మ చెప్పినంక ఒప్పుకున్నది. సోమవారానికి అపాయింట్‌మెంట్ తీస్కున్నం. కట్టుకపోయే చీర గూడ ఇస్త్రీ చేయించి పెట్టుకున్నది. ఆ చీరతోనే సాగనంపినం. సోమవారం దవాఖాన నుంచి ఫోనొచ్చింది, పేషెంట్ బయల్దేరిండ్రా అని.

నిన్న ఆదివారం చర్చికి పోయిన. గోడ పక్క జాగల ఎవ్వరు కూసోలే. అత్తమ్మ తల ఆనిచ్చిన కాడ సున్నం మీద కొబ్బరినూనె మరక ఉన్నది. ముసల్దైంది, అందుకే ఆనుకుంటది అనుకునేటోళ్లు అందరు. పాట మొదలైనంక, ఇంటర్ చదివే ఒక పిల్ల కడుపు పట్టుకొని లేసింది. ఎవ్వర్ని అడగలే. పోయి గోడ పక్క కూసున్నది. కండ్లు మూసుకొని, మెల్లగ ఆ మరక మీదనే తల ఆనిచ్చింది.